భర్త లేని లోటు తెలియనివ్వని కౌంటెస్

మగదిక్కు లేని సంస్థానం మూడునాళ్ళలో మూలపడుతుందని పెద్దలు తరతరాలుగా సెలవిస్తుండగా, ఆ సిద్ధాంతాన్ని ఇరవై ఏళ్ళకు పైగా ఉల్లంఘించిన ఒక మహిళను ఇంతవరకు ఎవరూ గట్టిగా మందలించకపోవడం విచారకరం. ఆమె ఫ్రాన్సులోని బ్లువా, షార్త్ర ప్రాంతాలను ఏలిన కౌంటెస్ అడేలా, 1066లో ఇంగ్లండును జయించిన విలియం కుమార్తె.

న్యాయంగా చూస్తే తప్పు ముందుగా భర్తదే. 1096లో మొదటి క్రూసేడుకు, అంటే యెరూషలేమును ముస్లిముల నుంచి గెలుచుకోవడానికి క్రైస్తవులు సాగించిన దండయాత్రకు, బయలుదేరుతూ కౌంట్ స్టీఫెన్ పెత్తనమంతా భార్య చేతిలో పెట్టి వెళ్ళాడు. మరుసటి ఏడాది దారిలోని నీకయ నగరం పట్టుబడ్డాక రాసిన ఉత్తరంలో, అంతియొకయ అడ్డుపడకపోతే ఐదు వారాల్లో యెరూషలేము చేరతామని ధీమాగా తెలియజేశాడు. అంతియొకయ అడ్డుపడింది. ఆ నగరాన్ని ముట్టడిస్తూ రాసిన మరో ఉత్తరంలో, బయలుదేరినప్పటికంటే రెట్టింపు వెండి బంగారాలు ఇప్పుడు తన వద్ద ఉన్నాయనీ, సేనలన్నిటికీ తననే పెద్దగా ఎన్నుకున్నారనీ వివరించి, భూములను చక్కగా చూసుకొమ్మని భార్యకు హితవు కూడా చెప్పాడు. 1098 జూన్‌లో, నగరం క్రూసేడర్ల వశం కావడానికి ముందురోజే, ఈ సేనాపతి ఒంట్లో బాగాలేదంటూ శిబిరం విడిచి వెళ్ళిపోయాడు. అంతటితో ఆగితే అది ఆయన సొంత వ్యవహారం అనుకోవచ్చు. కానీ సాయంగా సైన్యంతో వస్తున్న కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి అలెక్సియోస్ దారిలో ఎదురుపడితే, అక్కడ ఇక ఆశ లేదని చెప్పి ఆయనను కూడా వెనక్కి మళ్ళించాడు.

దొరగారు క్షేమంగా ఇల్లు చేరితే సంతోషించవలసిన ఇల్లాలు, పోయిన పరువు గుర్తుచేసి, తిరిగి వెళ్ళేదాకా పోరు పెట్టిందని ఒక సన్యాసి చరిత్రకారుడు రాశాడు. ఆ మాటలు పడకగదిలో జరిగాయని కూడా ఆయనే రాశాడు. మఠంలో ఉన్నవారికి ఆ సంగతి ఎలా తెలిసిందన్నది మనం అడగకూడదు. స్టీఫెన్ వెళ్ళాడు, 1102లో రామ్లా వద్ద మరణించాడు. అడేలా వితంతువైంది. సంప్రదాయం ప్రకారం ఇక కౌంటీ అల్లకల్లోలం కావలసి ఉండగా, ఎప్పటిలాగే తీర్పులు వెలువడ్డాయి, మఠాలకు దానపత్రాలు అందాయి, సామంతులు అదుపులో ఉన్నారు. దీన్ని ఏమనాలో తెలియక ఆనాటి పెద్దలు, పిల్లవాడు ఎదిగేదాకా తాత్కాలిక ఏర్పాటు అని సర్దుకున్నారు.

ఆ పిల్లవాడు ఎవరన్నది కూడా ఆమే నిర్ణయించింది. పెద్దకొడుకు విలియమ్‌ను పక్కన పెట్టి, రెండోవాడు తిబోను వారసుడిగా నిలబెట్టింది. 1107 నాటికి తిబో చేతికి అందివచ్చినా, తాత్కాలిక ఏర్పాటు మరో పదమూడేళ్ళు కొనసాగింది. ఈలోగా 1105లో, బిషప్పులను నియమించే హక్కు గురించి ఆమె తమ్ముడైన ఇంగ్లండు రాజు హెన్రీకీ ఆర్చిబిషప్ ఆన్సెల్మ్‌కూ నడుస్తున్న తగవు రాజును మతం నుంచి వెలివేసే దాకా వస్తే, ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించింది కూడా ఈమే. రాజ్యతంత్రం స్త్రీ బుద్ధికి అందదన్న సంగతి బహుశా ఆ సమయంలో ఎవరికీ గుర్తుకు రాలేదు. 1107లో పోప్ రెండవ పాస్కల్ ఈస్టర్ పండుగకు షార్త్ర వచ్చి ఆమె ఆతిథ్యం స్వీకరించాడు. ఆయనా గుర్తు చేయలేదు.

1120లో ఆమె తనంతట తాను మార్సిన్యీ మఠానికి వెళ్ళి సన్యాసం స్వీకరించింది. సిద్ధాంతం ఊపిరి పీల్చుకుంది గాని, కథ ముగియలేదు. 1135లో హెన్రీ చనిపోయాడు. ఆయన కూతురు మటిల్డాకే విధేయులుగా ఉంటామని ప్రమాణం చేసిన బారన్లలో, అంటే రాజు కింది పెద్ద సామంతులలో, చాలామంది, కిరీటం ఆడవారికి తగదన్న ధర్మసూక్ష్మం ఆలస్యంగా తట్టి, మగవాడైన మేనల్లుడికి పట్టం కట్టారు. ఆ మేనల్లుడు అడేలా కొడుకు స్టీఫెన్. సింహాసనం మీద ఆయనకున్న రక్తసంబంధమంతా తల్లి వైపు నుంచి వచ్చిందే. ఆ తల్లి 1137 దాకా జీవించి ఉంది కూడా.

కిరీటం కోసం హెన్రీ కూతురు మటిల్డా పక్షంతో జరిగిన పోరులో, 1141లో లింకన్ యుద్ధంలో ఈ స్టీఫెన్ శత్రువులకు చిక్కాడు. ఆయన భార్య, ఆమె పేరూ మటిల్డాయే, సైన్యాన్ని కూడగట్టి పోరాటం సాగించింది. వించెస్టర్ వద్ద ఆమె పక్షం శత్రువుల ప్రధాన సేనాని రాబర్ట్‌ను పట్టుకుంది. అతన్ని ఇచ్చి రాజుగారిని విడిపించుకున్నారు. కిరీటం ఆడవారికి తగదన్న బారన్లలో ఒక్కరైనా ఆ బేరానికి అభ్యంతరం చెప్పినట్టు కనబడదు.