జమ్మి కొమ్మ విరిచే ముందు

దసరా నాడు పొద్దుగూకే వేళకు ఊరంతా కలిసి ఊరి చివరి జమ్మిచెట్టు కాడికి పోయేవాళ్లం. "శమీ శమయతే పాపం" అని రాసిన చీటీలు కొమ్మలకు కట్టి, ఆకు తెచ్చి పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కేవాళ్లం. దాన్ని ఆకు అనకూడదు, బంగారం అనాలి. మా నానమ్మ గుప్పెడు ఆకే తెంపేది. మేం కొమ్మ విరవబోతే చేతి మీద ఒకటి వేసేది. నిరుడు అదే చోటికి పోతే, పూజ ముగిసేసరికి చెట్టుకు మోడూ, నాలుగు ముళ్ల రెమ్మలూ మిగిలాయి. పట్నంలో కట్టలు కట్టి అమ్మే జమ్మి కూడా ఎక్కడో ఒక చెట్టును కొట్టుకొచ్చిందే.

జమ్మి 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర వృక్షం. రాజస్థాన్ రాష్ట్ర వృక్షమూ ఇదే, అక్కడ ఖేజ్రీ అంటారు. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజర్లీ గ్రామానికి రాజభటులు గొడ్డళ్లతో వచ్చారు. రాజు తలపెట్టిన కట్టడానికి సున్నం కాల్చాలి, దానికి కట్టెలు కావాలి. అక్కడి బిష్ణోయి పంథావాళ్లు చెట్లను కావలించుకున్నారు. అమృతాదేవి మొదలుకొని 363 మంది ప్రాణాలిచ్చారు. పచ్చని చెట్టును నరకరాదన్నది వాళ్ల గురువు జాంభోజీ పెట్టిన 29 నియమాల్లో ఒకటి. ఆ ఎడారిలో ఖేజ్రీ ఆకు మేకకూ ఒంటెకూ మేత, కాయ మనుషులకు కూర, దాని కింద పైరు కూడా బాగా ఎదుగుతుంది. చెట్టు మీద బతికిన మనుషులు కనక ఆ నియమం వాళ్లకు మాటగా మిగిలిపోలేదు. మనమూ అదే చెట్టుకు మొక్కుతున్నాం, మొక్కుతూనే మోడు చేస్తున్నాం.

చెట్టును కొలవడం ఏ ఒక్క మతం సొత్తూ కాదు. అమరావతి స్తూపం తొలినాటి శిల్పాల్లో బుద్ధుడు కనిపించడు. ఖాళీ ఆసనం, దాని వెనక బోధివృక్షం, చుట్టూ చేతులు జోడించిన జనం, అంతే. మట్టలాదివారం నాడు మన ఊళ్లలో క్రైస్తవులు ఈతమట్టలు పట్టుకుని పాడుకుంటూ నడుస్తారు. దర్గా చెట్టుకు దారం కట్టే తల్లుల్లో బురఖా వేసుకున్నవాళ్లూ ఉంటారు, బొట్టు పెట్టుకున్నవాళ్లూ ఉంటారు.

స్కాట్లాండ్‌లో మన్‌లాకీ అనే ఊరి దగ్గర ఒక ఊట ఉంది. జబ్బుపడ్డవాళ్లు గుడ్డపీలికను ఆ నీటిలో తడిపి పక్కనున్న చెట్టుకు కడతారు. గుడ్డ చివికేకొద్దీ జబ్బు తగ్గుతుందని నమ్మకం. ఆ మొక్కుకు గుడ్డ చివకడమే ముఖ్యం. ఇప్పుడు అక్కడ నైలాన్, పాలిస్టర్ గుడ్డలు కడుతున్నారు. అవి చివకవు, కొమ్మకు ఉరిలా బిగుసుకుంటాయి. మన దగ్గరా ఇదే తంతు. పసుపు రాసిన నూలుదారం రెండు వానలకు రాలిపోయేది. ఇప్పటి సింథటిక్ దారాలు, ప్లాస్టిక్ సంచుల్లో కట్టిన ముడుపులు ఏళ్లతరబడి వేలాడుతూ ఉంటాయి.

మన పెద్దల ఆచారంలో మొక్కుతోపాటు కట్టుబాటు కూడా ఉండేది. ఇంత వరకే తెంపాలి, ఇక్కడ ముట్టకూడదు అని. మొక్కు పట్టుకుని కట్టుబాటు వదిలేశాం. నన్ను బాధపెట్టేది అదే.

అన్నిటికన్నా ఎక్కువ చేటు చేస్తున్నది చెట్టు చుట్టూ కట్టే గద్దె. రావినీ వేపనూ పక్కపక్కన నాటి, పెళ్లి చేసి, చుట్టూ రాళ్లు పేర్చేవారు. ఆ రాళ్ల సందుల్లోంచి వాననీరు వేళ్లకు దిగేది. ఇప్పుడు దాతల పేర్లు చెక్కిన గ్రానైటు పలకలు, చెట్టు మొదలు దాకా సిమెంటు. చుక్క నీరు దిగదు, గాలి ఆడదు. చెట్టు మొదలు దగ్గర పెట్టిన దీపాలకు బెరడు కాలి నల్లబడుతుంది. చెట్టు కింది రాతిదేవుడికి గది కడితే, ఆ గది స్లాబుకు చెట్టు కొమ్మే అడ్డమవుతుంది.

మా ఊరి రావిచెట్టుకు ఇలాగే ఒకవైపు కొమ్మలన్నీ ఎండిపోయాయి. పోయిన ఎండాకాలం కుర్రాళ్లు గడ్డపారలు పట్టుకుని మొదలు చుట్టూ మూడడుగుల మేర గచ్చు పగలగొట్టారు. పెద్దల్లో ఇద్దరు అపచారమన్నారు. పూజారిగారే వచ్చి, ఆ బయటపడ్డ మట్టిలో మొదటి బిందె నీళ్లు పోశారు. తెల్లగా పాలిపోయి పిండిలా ఉన్న ఆ మట్టి బిందెడు నీళ్లనూ చూస్తుండగానే పీల్చేసుకుంది.

ఈ పనికి నిధులు అక్కర్లేదు, గుడి కమిటీ అయినా దర్గా కమిటీ అయినా ఒక్క పూటలో చేసుకోవచ్చు. జమ్మికైతే అంత శ్రమ కూడా లేదు. ఆకు తెంపుకోండి, కొమ్మ విరవొద్దు అని దసరాకు రెండు రోజుల ముందు ఊళ్లో చాటింపు వేయిస్తే చాలు.