ఆరో మనిషికి చోటెక్కడ?

ఒడిశాలోని బరంపురంలో ఒక తెలుగు ఇల్లు. వదిన ఇంటి పనులయ్యాక ఫోనులో ఆల్బియన్ ఆన్‌లైన్ ఆడుతుంది. వేలమంది ఒకే లోకంలో తిరిగే ఎంఎంఓ ఆట అది. మరిది ప్రతి ఆదివారం నలుగురు స్నేహితులను కలుపుకుని, ఐదుగురి జట్టుగా కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట ఆడతాడు. ఎవరి ఆట మేలన్నది ఇద్దరి మధ్య వాదన. నేను వదిన పక్షం. అలాగని మరిది వేసిన దెబ్బలను మెత్తబరచి రాయలేదు.

మరిది: ఆట అంటే పక్కనున్నవాడి గుణం తెలిసి ఆడాలి వదినా. మావాడు ఏ మూల కాపు కాస్తాడో, ఎప్పుడు తొందరపడతాడో నాకు చూడకుండానే తెలుస్తుంది. రెండు మూడు నిమిషాల్లోనే రౌండు తేలిపోతుంది. ఇక వారమంతా టీ కొట్టు దగ్గర దాని మీదే మాటలు. మీ లోకంలో వేలమంది ఉన్నారు సరే, వాళ్లలో మీకు తెలిసినవారెందరు?

వదిన: ఆ సుఖాన్ని నేను కాదనను. కానీ అది దక్కాలంటే ముందు ఆ ఐదుగురిలో ఉండాలి కదా! మీ జట్టు ఎలా కుదిరింది? ఒకే కాలేజీ, ఒకే హాస్టలు, ఒకే వయసు, అందరూ మగపిల్లలు. పెళ్లయి కొత్త ఊరు వచ్చిన ఆడపిల్లకు, రాత్రి డ్యూటీ చేసేవాడికి, నలుగురిలో నోరు విప్పలేనివాడికి జట్టు ఎవరు కడతారు? పెద్ద ఆటలో జట్టుతోనే రమ్మని ఎవరూ అనరు. మనం వెళ్లేసరికి ఆ లోకం నడుస్తూనే ఉంటుంది, మనకు చేతనైన పని ఒకటి అందుకోవడమే.

నా సంగతే చూడు. గురి చూసి కాల్చడం నాకు చేతకాదు. ఆల్బియన్‌లో నాది నేతపని. పత్తి, అవిసె నార ఏరుకొచ్చి లిమ్‌హర్స్ట్ నగరంలో బట్టగా మారుస్తాను. ఆ పని అక్కడ చేస్తే ముడిసరుకు ఎక్కువ మిగులుతుంది, అందుకని. ఆ ఆటలో వాడే కత్తులు, కవచాలు, చెప్పులు దాదాపు అన్నీ ఎవరో ఒక ఆటగాడు చేసినవే. బట్టను ఎద్దు మీద వేసుకుని కేర్లియన్ నగరం చేరిస్తే మంచి ధర పలుకుతుంది. కాకపోతే దారిలో ఎర్ర ప్రాంతం దాటాలి. అక్కడ మనల్ని ఎవరైనా చంపితే వెంట ఉన్న సరుకంతా పోయినట్టే. ఒకసారి ఎద్దుతో సహా దోచేశారు. అప్పటినుంచి మా గిల్డ్‌లో, అంటే ఆటగాళ్ల సంఘంలో, ఒకతను ముందు వెళ్లి, దారి ఖాళీగా ఉందో లేదో చూసి చెబుతున్నాడు. అతనెవరో నాకు తెలియదు. నా బట్టతో చేసిన అంగీ వేసుకుని యుద్ధానికి వెళతాడు. కత్తి పట్టలేని మనిషి కూడా అక్కడ ఒకరికి అవసరం. మీ ఐదుగురిలో గురి లేనివాడికి పనేమిటి?

మరిది: నేర్చుకుంటాడు. లేదా బెంచీ మీద కూర్చుంటాడు, దాచడమెందుకు? కానీ మీ లోకంలో మాత్రం అందరూ కలిసే ఉంటారా? వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఎంఎంఓ ఆటగాళ్లను గమనించిన పరిశోధకులు 2006లోనే రాశారు, జనం మధ్య ఉంటూనే ఎక్కువసేపు ఒంటరిగా ఆడుతున్నారని.

వదిన: రాసింది నిజమే, నేనూ చాలాసేపు ఒంటరిగానే నార ఏరుతాను. సంతలో ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగినవాళ్లు సంతకు వెళ్లనట్టా?

మరిది: సంతలో ఒకరు తగ్గితే ఎవరికీ తెలియదు. మా ఐదుగురిలో ఒక్కడు తప్పు చేస్తే ఓడిపోతాం.

వదిన: వేలమందిలోనూ ఒక్క పొరపాటు చాలు. 2014 జనవరిలో ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఎంఎంఓలో బి-ఆర్5ఆర్‌బి అనే నక్షత్ర మండలం మీద హక్కు నిలుపుకోవడానికి కట్టవలసిన రుసుము గడువులోగా చెల్లించలేదు. శత్రువులు విరుచుకుపడ్డారు. దాదాపు 21 గంటల పోరు, 7,500 మందికి పైగా ఆటగాళ్లు, టైటాన్ అనే మహానౌకలు 75 కూలిపోయాయి. మీ రౌండులో చచ్చినవాడు తరువాతి రౌండులో లేచి వస్తాడు. ఆ నౌకలు మళ్లీ రావు. చేసింది చేసినట్టు మిగిలిపోయే లోకం కాబట్టే మనుషులు దాన్ని వదిలిపెట్టలేరు.

మరిది: అది సరే, మీ గిల్డ్ వాళ్లు ఏ ఊరని అడిగితే ఏం చెప్పారు?

వదిన: ఒడిశా అన్నాను.

మరిది: తెలుగువాళ్లమని చెప్పలేదా? 1936 ఏప్రిల్ 1 దాకా ఈ గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. వి.వి.గిరి పుట్టిన ఊరు ఇది!

వదిన: వాళ్లు అడిగింది ఊరు, భాష కాదు. గిల్డ్‌లో హైదరాబాదు వాళ్లు నేను టైపు చేసే తెలుగు చూసి ఒడియా మనిషిననుకున్నారు. కటక్ అతను నా ఒడియా చూసి తెలుగు మనిషిననుకున్నాడు. ఇద్దరికీ బట్ట అమ్మాను. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే మనం దానికి చిన్నబుచ్చుకోవడం ఎందుకు?

మరిది: చిన్నబుచ్చుకోమనలేదు, గట్టిగా చెప్పుకోమన్నాను.

వదిన: గిరి గారి పేరు ఎత్తినంత మాత్రాన ఈ వాదనలో కౌంటర్ స్ట్రైక్ గెలిచినట్టు కాదు. నార్వేలో మాట్స్ స్టీన్ అనే అబ్బాయి ఉండేవాడు. కండరాలు క్రమంగా క్షీణించే డుషెన్ వ్యాధి అతనికి. 2014లో 25 ఏళ్ల వయసులో చనిపోయాడు. కొడుకు స్నేహమంటే తెలియకుండానే పోయాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు. అతని బ్లాగులో మరణవార్త పెడితే, వార్‌క్రాఫ్ట్‌లో ఇబెలిన్ అనే పేరుతో అతన్ని ఎరిగినవాళ్ల నుంచి ఈమెయిళ్లు రావడం మొదలైంది. అంత్యక్రియలకు వేరే దేశాల నుంచి కూడా వచ్చారు. చక్రాల కుర్చీలో కూర్చున్న ఆ అబ్బాయిని మీ హాస్టలు గదిలో ఎవరు జట్టులోకి పిలిచేవారు?

మరిది: పిలిచేవాళ్లం కాదేమో. మరి ఆ లోకం నిలుస్తుందని భరోసా ఏమిటి? 2003లో మొదలైన స్టార్ వార్స్ గెలాక్సీస్ అనే ఎంఎంఓలో జనం ఇళ్లు, దుకాణాలు, ఏకంగా ఊళ్లే కట్టుకున్నారు. 2011 డిసెంబరు 15న సర్వర్లు ఆపేశారు, అంతా పోయింది. మాకు పాత కంప్యూటర్లు, వాటిని కలిపే తీగ ఉంటే చాలు, ఏ కంపెనీ మూతపడినా ఆడుకుంటాం.

వదిన: దానికి నా దగ్గర జవాబు లేదు. కంపెనీ తలుపు మూస్తే అందరం రోడ్డున పడతాం.

మరిది: ఇంకొకటి. గిల్డ్‌లో మీది మగ పేరు. మైకు ఒక్కసారైనా ఆన్ చేశారా?

వదిన: లేదు. ఆడగొంతు వినగానే నోరు పారేసుకునేవాళ్లు అక్కడున్నారు. అది ఆ లోకపు దోషమే, నేను వెనకేసుకురాను. పేరు దాచుకుని అయినా లోపలికి వెళ్లగలిగాను, అదీ నిజమే. ఇప్పుడు నువ్వు చెప్పు. ఈ ఆదివారం మీ ఆటకు నన్ను రానిస్తారా?

మరిది: మావాళ్లను అడగాలి.

వదిన: చూశావా? అక్కడ నేను ఎవరి అనుమతీ అడగలేదు.

మరిది: ఎవరి అనుమతీ అడగని మనుషులే మీ ఎద్దునూ దోచుకున్నారు వదినా.

వదిన: దోచుకున్నారు. ఆ రాత్రే మళ్లీ నార ఏరడం మొదలుపెట్టాను.