పిచ్చుక పెట్టెలో పురుడు

పిచ్చుకల కోసం గోడకి చెక్క పెట్టె తగిలిస్తారు. కొన్నాళ్ళకి మూత ఎత్తి చూస్తే లోపల పిల్లలు! గులాబీ రంగులో, కళ్ళు తెరవకుండా, ఒకదాని మీద ఒకటి. ఇంటిల్లిపాదీ మురిసిపోతారు, ఫొటోలు చుట్టాలందరికీ వెళ్ళిపోతాయి. ఎవరో ఒక గడుసుపిల్ల అడుగుతుంది: "పిచ్చుక పిల్లకి నాలుగు కాళ్ళా?"

ఈ పొరపాటుకి తప్పుపట్టలేం. ఊరపిచ్చుక పిల్లలూ, చిట్టెలుక పిల్లలూ పుట్టుకతో గుడ్డివే, బోడివే. ముక్కు చూస్తే తెలియదా అంటారా? టార్చి వెలుతుర్లో, ఆ కుప్పలో, ముక్కెవరిదో మూతెవరిదో!

చిక్కంతా కన్నంతోనే. పిచ్చుకకి 32 మిల్లీమీటర్లు కావాలి. చిట్టెలుకకి 6 చాలు. అంటే దానికి మనం సింహద్వారమే కట్టించాం. కన్నం చుట్టూ రేకు బిగించామని ధీమాగా ఉండేవాళ్ళూ ఉన్నారు. ఆ రేకు కొరికి పెద్దది చెయ్యకుండా ఆపుతుందంతే. 6 చాలినదానికి 32ని కొరికే ఖర్మేమిటి?

నిజానికి మూత ఎత్తకుండానే తెలుస్తుంది. పిచ్చుకల కాపురమైతే తల్లీ తండ్రీ పొద్దస్తమానం పురుగులు మోస్తూ, గుమ్మంలో గోల చేస్తూ ఉంటారు. పగలంతా నిశ్శబ్దంగా ఉంటే అనుమానించాలి. తమాషా ఏమిటంటే, శాస్త్రం ప్రకారం గానపక్షి పిచ్చుకే, దానికొచ్చింది మాత్రం కిచకిచే. మగ చిట్టెలుక ఆడదాని కోసం రకరకాల వరసలు పాడుతుంది గానీ, 20,000 హెర్ట్జ్ దాటాక మన చెవికి అందవు. అందకపోవడమే నయం.

ఇంకో ఆనవాలు రెట్ట. పిచ్చుకదాంట్లో తెల్లటి భాగం ఉంటుంది. ఎలుకవి 3 నుంచి 6 మిల్లీమీటర్ల నల్లటి గింజలు, ఘాటైన కంపు. గూడు కూడా చూడండి: గడ్డీ ఈకలూ అయితే పిచ్చుక, ముక్కలు చేసిన కాగితమూ దూదీ అయితే మీ అల్మరా కూడా చూసుకోండి.

ఖాళీ అయ్యాక ఎండుగా ఊడవకండి, దుమ్ము లేస్తుంది. చేతి తొడుగులూ మాస్కూ వేసుకుని, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి తడిపి, కాసేపాగి తుడవాలి. తర్వాత పెట్టెని పైపులకీ, తీగలకీ, కొమ్మలకీ దూరంగా, నున్నటి గోడకి మార్చండి. గరుకు గోడైతే ఎలుక నిలువునా ఎక్కేస్తుంది.

పిచ్చుకలు త్వరగా రావాలని సాయంత్రం పెట్టె కింద గింజలు చల్లేవాళ్ళకి ఒక్క మాట: పిచ్చుక తెల్లారాక వస్తుంది, గింజలు తెల్లారేలోపే అయిపోతాయి.