డాలు పక్కన భిల్లు వీరుడు

రాజచిహ్నాల్లో డాలుకు అటూ ఇటూ నిలబడి దాన్ని పట్టుకునే ఆకారాలను సపోర్టర్లు అంటారు. బ్రిటన్‌కు సింహం, ఒంటికొమ్ము గుర్రం. డెన్మార్క్‌కు గదలు పట్టిన ఇద్దరు అడవి మనుషులు. ఇలా ఊహలోంచి పుట్టినవే ఎక్కువ. రాజస్థాన్‌లోని మేవాడ్ రాణాల చిహ్నంలో మాత్రం ఒక పక్క రాజపుత్ర యోధుడు, మరో పక్క విల్లు పట్టిన భిల్లు గిరిజన వీరుడు. ఇద్దరూ సరిసమానంగా నిలబడతారు.

ఆ చోటు భిల్లులకు ఊరికే రాలేదు. 1576లో హల్దీఘాటీలో మొగలులతో జరిగిన యుద్ధంలో వాళ్లు రాణా ప్రతాప్ పక్షాన పోరాడారు. తర్వాత ఆయన ఆరావళి కొండల్లో ఏళ్ల తరబడి నిలదొక్కుకున్నదీ వాళ్ల అండతోనే. పట్టాభిషేకం ఆచారాన్ని రాజస్థాన్ చరిత్ర రాసిన బ్రిటిషు అధికారి జేమ్స్ టాడ్ రాసిపెట్టాడు. ఓఘ్నా ప్రాంతపు భిల్లు నాయకుడు తన బొటనవేలి నెత్తురుతో కొత్త రాణా నుదుట తిలకం దిద్దేవాడు. చేయి పట్టి గద్దె మీద కూర్చోబెట్టేవాడు. ఉంద్రీ ప్రాంతపు భిల్లు అక్షతల పళ్లెం పట్టుకునేవాడు. సూర్యవంశమని చెప్పుకునే రాజు నుదుట గిరిజనుడి నెత్తురు! ఇంతకన్నా పెద్ద గుర్తింపు ఏముంటుంది?

మరి చిహ్నం బయట వాళ్ల బతుకు? 1921లో మోతీలాల్ తేజావత్ వెంట మేవాడ్ భిల్లులు ఏకీ ఉద్యమం లేవదీశారు. వెట్టిచాకిరి, పన్నుల భారం భరించలేకే. వెట్టి అంటే ఏమిటో నిజాం కాలపు తెలంగాణ పల్లెలకు ఎవరూ చెప్పనక్కరలేదు. అంతకుముందే, 1913 నవంబరు 17న, రాజస్థాన్-గుజరాత్ సరిహద్దులోని మాన్‌గఢ్ కొండ మీద, సంఘసంస్కర్త గోవింద్ గురు అనుచరులైన భిల్లులపై దళాలు కాల్పులు జరిపాయి. ఆ దళాల్లో మేవాడ్ భిల్ కోర్ కూడా ఉంది. భిల్లులనే చేర్చుకుని బ్రిటిషువారు 1841లో కట్టిన పటాలం అది.

జమైకా చిహ్నం చూసినా నాకు ఇదే బాధ కలుగుతుంది. 1661లో ఇంగ్లండు ఇచ్చిన ఆ చిహ్నంలో డాలుకు ఇరువైపులా ఆ దీవి మూలవాసులైన తాయినో స్త్రీ, పురుషుడు ఉన్నారు. అప్పటికే స్పెయిన్ పాలన, వ్యాధులు కలిసి ఆ దీవిలో తాయినోలను దాదాపు తుడిచిపెట్టాయి. 1962లో స్వతంత్రం వచ్చాక కూడా జమైకా ఆ ఇద్దరినీ అలాగే ఉంచుకుంది. సరైన పనే చేసిందని నా నమ్మకం.

భిల్లు వీరుణ్ని కూడా అక్కడినుంచి కదపకూడదు. అయితే ఆ బొమ్మను చూపించి హల్దీఘాటీ కథ చెప్పే ప్రతివారూ మాన్‌గఢ్ కథ కూడా చెప్పాలి. బడి పుస్తకాల్లో రెండూ ఒకే పాఠంలో రావాలి.