మైలాపూర్‌లో మన రెండు ఇళ్లు

కర్నూలు నుంచి వచ్చిన మా బాబాయ్ ఆంధ్రప్రదేశ్ రాజధాని గొడవ మీద గట్టిగా వాదిస్తూ, మధ్యలో ఆగి అడిగాడు: "అవున్రా, ఆ శ్రీబాగ్ యాడుంది? తుంగభద్ర పక్కనా?" "ఇక్కడే బాబాయ్, మనింటి నుంచి నడిచిపోవచ్చు" అన్నాను. నమ్మలేదు. అది ఊరు కాదు, ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి బంగళా పేరు అని చెప్పాక కూడా నా మొహంలోకి అనుమానంగానే చూశాడు.

ఆయన్ని అనడానికి లేదు. ఆంధ్రలో రాజధాని మాట వచ్చినప్పుడల్లా, 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు రాసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక పేరెత్తుతారు. హైకోర్టు మాటొచ్చినా అంతే. ఎత్తేవాళ్లలో ఎంతమంది మైలాపూర్ ముఖం చూశారో అనుమానమే. నేను కొన్నేళ్లుగా ఈ వీధుల్లో తిరుగుతున్నాను. ఆ ఒడంబడిక గురించి చెప్పే ఫలకం ఒక్కటీ నా కంటపడలేదు.

చెన్నైలో మైలాపూర్ అనగానే కపాలీశ్వరుడి గుడి, కోనేరు, మాడవీధుల్లో ఫిల్టర్ కాఫీ గుర్తొస్తాయి. కానీ కోనేటికి కాస్త ఎడంగా ఉన్న లజ్ ప్రాంతం తీరే వేరు. ఆ పేరు పోర్చుగీసుల నుంచి వచ్చింది. అక్కడి మేరీమాత చర్చి మీద 1516 అని చెక్కి ఉంది. తమిళులు దాన్ని కాట్టుకోవిల్ అంటారు, అంటే అడవిలో గుడి. ఒకప్పుడు అదంతా ఊరి బయటి అడవన్నమాట. ఆ తర్వాత ఆ ఖాళీ నేలలో పెద్ద పెద్ద తోటలు, తోట మధ్యలో బంగళాలు వెలిశాయి. హైకోర్టు ఉన్నది జార్జ్‌టౌన్‌లో. ట్రాములు వచ్చాక మైలాపూర్‌లో ఉంటూ రోజూ కోర్టుకు వెళ్లిరావడం సులువైంది. దాంతో ఇది వకీళ్ల పేట అయింది. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యుడైన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కూడా ఈ పేట మనిషే. పుట్టింది నెల్లూరు జిల్లాలో.

నాగేశ్వరరావు పంతులుగారు వకీలు కాదు, వ్యాపారి. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు, 1908లో అక్కడే ఆంధ్రపత్రిక వారపత్రిక తెచ్చారు. 1914లో మద్రాసుకు వచ్చి దాన్ని దినపత్రిక చేశారు. తలనొప్పి మందు డబ్బుతో తెలుగు పత్రిక నడిచిందని మా ఇంట్లో సరదాగా అనేవాళ్లు. అందులో సరదా ఎంతో, నిజమూ అంతే. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో మన నాయకులకు రాజధాని ఇదే. జిల్లాల నుంచి రైలెక్కి వచ్చినవాళ్లు ఇలాంటి పెద్ద ఇళ్లలోనే కూర్చుని మాట్లాడుకునేవారు. శ్రీబాగ్‌కు చరిత్రలో చోటు దొరికింది అలాగే.

1937 నవంబరు 16న ఆ ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చున్నారు. కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభి సీతారామయ్య ఒకవైపు, కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు మరోవైపు. ఆంధ్ర రాష్ట్రం వస్తే కోస్తావాళ్లే పెత్తనం చేస్తారని సీమవాళ్ల భయం. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరుకు పోవడం అప్పటికే వాళ్లకు గుచ్చుకుంటోంది. అందుకే విశ్వవిద్యాలయానికి అనంతపురంలోనూ కేంద్రం పెట్టాలన్నారు. కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్లలో పదేళ్లపాటు రాయలసీమకు, నెల్లూరుకు ముందు పీట వేయాలన్నారు. రాజధాని ఒకచోట, హైకోర్టు మరోచోట ఉండాలి, ఏది కావాలో సీమ కోరుకోవాలి అని రాసుకున్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిందన్నా, 1954లో హైకోర్టు గుంటూరుకు వెళ్లిందన్నా మూలం ఆ కాగితమే. పంతులుగారు అవేవీ చూడలేదు. ఒడంబడిక జరిగిన అయిదు నెలలకే, 1938 ఏప్రిల్‌లో పోయారు. లజ్ చర్చి రోడ్డు మీద ఆయన పేరుతో ఉన్న పార్కులో రోజూ వందలమంది వాకింగ్ చేస్తారు. నాగేశ్వరరావు ఎవరని అడిగితే ఎంతమంది చెప్తారో!

రెండో ఇల్లు రాయపేట హైరోడ్డు మీద ఉంది, నంబరు 126. లజ్ నుంచి అదీ నడక దూరమే. శ్రీబాగ్‌లో సంతకాలు జరిగేనాటికి మద్రాసు శాసనసభ స్పీకరు బులుసు సాంబమూర్తి. కాకినాడలో వకీలు పని వదులుకుని స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చిన మనిషి. ఈ ఇల్లు ఆయనదే. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు ఇక్కడే నిరాహార దీక్షకు కూర్చున్నారు. 58వ రోజున, డిసెంబరు 15 రాత్రి, ఇక్కడే ప్రాణం వదిలారు. శవయాత్ర మౌంట్ రోడ్డు చేరేసరికి వేలమంది కలిశారు. నాలుగు రోజులకు, డిసెంబరు 19న, ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ ప్రకటించారు. కానీ మద్రాసు లేకుండా.

దీక్ష కథ చెప్పేటప్పుడు మనం తరచూ వదిలేసే సంగతి ఒకటుంది. శ్రీరాములు మద్రాసుకు బయటి మనిషి కాదు. 1901లో పుట్టింది ఇక్కడి జార్జ్‌టౌన్‌లోనే, అణ్ణాపిళ్లై వీధిలో. మద్రాసు కావాలని ఆయన అడిగితే పుట్టిన ఊరిని అడిగినట్టే. "మద్రాసు మనదే" నినాదాన్ని తమిళ మిత్రులు ఇప్పటికీ దురాశగా చూస్తారు. మనవాళ్లేమో పోగొట్టుకున్న ఆస్తి లెక్క తీస్తారు. నాకు రెండూ సగం సగంగానే కనిపిస్తాయి. మద్రాసు మీద ఆశ వదులుకుంటేనే ఆంధ్ర సంగతి చూడవచ్చని 1949లో తేల్చిన కాంగ్రెస్ వారి జేవీపీ కమిటీలో, జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్‌ల పక్కన ఆ 'పీ' ఎవరనుకున్నారు? పన్నెండేళ్ల కిందట శ్రీబాగ్‌లో కూర్చున్న పట్టాభిగారే. ఇదంతా తమిళులకూ మనకూ మధ్య జరిగిన తగవు మాత్రమే అయితే కథ చాలా తేలిక.

ఇప్పుడు 126 స్మారక భవనం. డిసెంబరు 15న పూలదండలు పడతాయి, ప్రసంగాలు జరుగుతాయి. శ్రీబాగ్‌కు దండ వేసే రోజంటూ లేదు. ప్రాణం పోయిన ఇంటిని గుర్తుపెట్టుకుని, మాట ఇచ్చిన ఇంటిని మరిచిపోవడం మనకు చాలా సౌకర్యంగా ఉందని నా అనుమానం. త్యాగానికి దండం పెడితే సరిపోతుంది. ఒప్పందం గుర్తుంటే నీళ్ల లెక్క తీయాలి, అనంతపురానికి ఏం చేశామో చెప్పాలి.

లజ్‌లో పాత బంగళాలు మిగలకపోవడానికి మాత్రం ఇంత పెద్ద కారణాలు వెతకనక్కర్లేదు. అన్నదమ్ములు పంచుకుంటారు, తోట ముక్కలవుతుంది, బిల్డరు వస్తాడు. పాత కట్టడాలను కాపాడటానికి తమిళనాడులో 2012లోనే చట్టం చేశారు. అది అమల్లోకి రావడానికే పదేళ్లకు పైగా పట్టింది. ఈలోగా ఎన్ని గోడలు కూలాయో. ఇప్పుడు తిరుమయిలై మెట్రో స్టేషను కోసం లజ్ చుట్టూ భూమి లోతుగా తవ్వారు. ఆటోవాళ్లు చుట్టూ తిప్పి తీసుకెళ్తున్నారు.

బాబాయ్‌ని ఆ సాయంత్రం నాగేశ్వరరావు పార్కుకే తీసుకెళ్లాను. బెంచీ మీద కూర్చుని ఫోన్లో ఒడంబడిక షరతులు మొదటి నుంచి చివరిదాకా చదివించాను. అనంతపురం దగ్గర ఆగాడు. నీళ్ల దగ్గర ఇంకాసేపు ఆగాడు. "పదేళ్లంటే 1963కే అయిపాయె కదరా" అన్నాడు.