రియాక్టర్ కంటే ముందు మీటర్ రావాలి

జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ ప్లాంటు పేరు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మ్యాప్ ప్రత్యక్షమవుతుంది. జపాన్ నుంచి అమెరికా దాకా పసిఫిక్ మహాసముద్రం నిండా ఎరుపు, పసుపు, ఊదా రంగుల చారలు. "రేడియేషన్ ఎంత దూరం పాకిందో చూడండి, చేపలు తినడం మానేయండి" అని కింద ఓ హెచ్చరిక. 2023 ఆగస్టు 24న ఆ ప్లాంటులోని నీళ్ళను సముద్రంలోకి వదలడం మొదలుపెట్టినప్పుడు మా బంధువుల గ్రూపులోకీ వచ్చింది. అది రేడియేషన్ మ్యాప్ కానే కాదు. 2011 మార్చి 11 నాటి సునామీలో ఎక్కడ అల ఎంత ఎత్తు లేచిందో చూపిస్తూ అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా తయారుచేసిన బొమ్మ. అసలు మ్యాప్‌లో పక్కనున్న స్కేలు సెంటీమీటర్లలో ఉంటుంది. రేడియేషన్‌ని సెంటీమీటర్లలో ఎవరు కొలుస్తారండీ?

ఆ మాట చెప్పగానే ఇంకో రకం పెద్దమనుషులు లేస్తారు. "అందుకే చెప్పేది, ఇవన్నీ మామూలు జనానికి అర్థమయ్యే సంగతులు కావు, నిపుణులకు వదిలేయాలి" అని. వాళ్ళతో నాకు ఇంకా పెద్ద పేచీ ఉంది. నిపుణులకు, అధికారులకు వదిలేస్తే ఫుకుషిమాలో ఏం జరిగిందో కాస్త గుర్తు చేసుకుందాం.

2011 సునామీ దెబ్బకి అక్కడి మూడు రియాక్టర్లలో ఇంధనం మొదటి కొన్ని రోజుల్లోనే కరిగింది. ఆ సంగతి ప్లాంటు నడిపే టెప్కో కంపెనీ ఒప్పుకున్నది మే నెలలో. 'మెల్ట్‌డౌన్' అన్న మాట వాడొద్దని అప్పటి కంపెనీ అధ్యక్షుడే చెప్పాడని 2016లో బయటపడింది. అప్పటికి ఆ కుర్చీలో ఉన్నాయన అది దాచిపెట్టడమేనని ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. ఐదేళ్ళు పట్టింది ఆ ఒక్క ముక్కకి.

ఇంతకంటే ఘోరం నమియే జనానిది. ప్లాంటు పక్కనే ఉన్న ఊరు అది. ఖాళీ చేయమనేసరికి వాళ్ళు వాయవ్యంగా, కొండల వైపున్న త్సుషిమాకి పోయారు. దూరం కదా, క్షేమం అనుకున్నారు. గాలి కూడా అటే వీచింది. వాన, మంచుతో కలిసి రేడియోధార్మిక సీజియం అక్కడే దిగింది. గాలి ఎటు పోతుందో లెక్కగట్టే స్పీడీ అనే కంప్యూటర్ వ్యవస్థ ప్రభుత్వం దగ్గర ఉంది, లెక్కలు వేస్తూనే ఉంది. ఆ లెక్కలు మార్చి 14న అమెరికా సైన్యానికి చేరాయి. సొంత జనానికి మార్చి 23 దాకా చెప్పలేదు. ఈతతే అని ఇంకో పల్లె, ఆరు వేల జనాభా. ప్రభుత్వం కంపాస్ పెట్టి గీసిన 20, 30 కిలోమీటర్ల వృత్తాలకు ఊరిలో చాలా భాగం బయటే ఉంది. దాన్ని ఖాళీ చేయాల్సిన ప్రాంతంగా ప్రకటించింది ఏప్రిల్ 22న. రేడియేషన్‌కి ఆ వృత్తాలతో పనేముంది?

మొత్తానికి ఒకపక్క అబద్ధాల మ్యాపులు పంచేవాళ్ళు, ఇంకోపక్క నిజమైన మ్యాపులు దాచేవాళ్ళు. ఈ ఇద్దరి మధ్య మూడో రకం వాళ్ళు పుట్టుకొచ్చారు. నేను రాయాలనుకున్నది వాళ్ళ గురించే.

సేఫ్‌కాస్ట్ అనే స్వచ్ఛంద బృందం ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే ఆన్‌లైన్‌లో కూడింది. ముందు వాళ్ళ ఆలోచన చిన్నదే: ఎవరెవరి దగ్గరో ఉన్న రీడింగులన్నీ పోగుచేసి ఒకే మ్యాప్ మీద పెడదామని. తీరా చూస్తే పోగుచేయడానికి రీడింగులే లేవు. రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ కొందామంటే దుకాణాల్లో సరుకు ఖాళీ. సరే అని వాళ్ళే మీటర్ తయారుచేసుకున్నారు. టిఫిన్ డబ్బా అంత పెట్టె, దానికో జీపీఎస్. కారు అద్దానికి బయటివైపు తగిలించి రోడ్డెక్కితే ఐదు సెకన్లకొక రీడింగు, స్థలంతో సహా మెమరీ కార్డులోకి ఎక్కుతుంది. తర్వాత అదే పరికరాన్ని ఎవరింట్లో వాళ్ళు సోల్డరింగ్ చేసుకునే కిట్‌గా మార్చారు. ఇప్పటికి పది కోట్లకు పైగా రీడింగులు పోగయ్యాయి. వాటి మీద ఏ హక్కూ ఉంచుకోలేదు. మీరైనా, నేనైనా, టెప్కో అయినా దించుకుని వాడుకోవచ్చు. పరికరం డిజైన్ కూడా తెరిచే పెట్టారు, మీటర్ మీదే అనుమానం ఉన్నవాడు విప్పి చూసుకోవచ్చని.

ఊరంతటికీ కలిపి ప్రభుత్వం ఒక సగటు చెబుతుంటే, ఒకే వీధిలో ఈ చివరకీ ఆ చివరకీ ఎంత తేడా ఉందో వీళ్ళ మ్యాప్ చూపించింది. చూరు నీళ్ళు పడేచోట ఒకలా, నడిరోడ్డు మీద ఇంకోలా. ఇంటికి తిరిగి వెళ్ళాలా వద్దా అని తేల్చుకోవాల్సిన తల్లికి జిల్లా సగటు దేనికి పనికొస్తుంది? ఆమెకు కావాల్సింది తన గుమ్మం ముందు రీడింగు. ఇవాకిలో అయితే తల్లులే కలిసి తారాచినే అనే ప్రయోగశాల పెట్టి, తినే తిండిని, పిల్లలు ఆడే మట్టిని కొలవడం మొదలుపెట్టారు.

ఇంటర్నెట్‌లో ఫుకుషిమాని కాచుకుని కూర్చున్న వాళ్ళందరూ ఇంత శ్రద్ధగలవాళ్ళు అని నేను అనడం లేదు. టెప్కో లైవ్ కెమెరా ముందు రాత్రంతా కూర్చుని, పొగమంచు కమ్మితే "రహస్య పేలుడు" అని వీడియోలు పెట్టినవాళ్ళున్నారు. నాలుగో యూనిట్ (రియాక్టర్) పైనున్న నీటి కొలనులో ఉంచిన 1,500 పైచిలుకు ఇంధన కట్టలు తీసేటప్పుడు ఏ కాస్త తేడా వచ్చినా మానవజాతి అంతరిస్తుందని శాపనార్థాలు పెట్టినవాళ్ళున్నారు. 2014 డిసెంబరులో ఆ పని నిశ్శబ్దంగా పూర్తయింది. అప్పుడు మాత్రం వాళ్ళలో చాలామంది పత్తా లేరు. 2017లో రెండో యూనిట్ లోపల (ఒంటికి తగిలే రేడియేషన్ లెక్కలో) గంటకు 530 సీవర్ట్‌లు అన్న అంచనా రాగానే "రేడియేషన్ ఆకాశాన్నంటింది" అన్నారు, పేరున్న పత్రికలతో సహా. అసలు సంగతేమిటంటే అక్కడికి కెమెరా వెళ్ళడమే అది మొదటిసారి. ముందు లెక్కే లేని చోట పెరిగిందని ఎలా అంటాం? ఈ మాట ఓపిగ్గా వివరించి రాసింది కూడా ఆ మీటర్ల వాళ్ళే.

నా దృష్టిలో అసలు మెలిక ఇక్కడే ఉంది. ముందు లెక్క.

2011 అక్టోబరులో టోక్యోలోని సెటగయా వార్డులో మీటర్ పట్టుకుని తిరుగుతున్న జనానికి ఒకచోట గంటకు 2.7 మైక్రోసీవర్ట్‌లు (సీవర్ట్‌లో పది లక్షల వంతు ఒక మైక్రోసీవర్ట్) కనిపించింది. ప్లాంటుకి 200 కిలోమీటర్ల పైన దూరం. ఇంకేముంది, ఫుకుషిమా టోక్యోకి వచ్చేసిందని గగ్గోలు. తవ్వి చూస్తే అక్కడి పాత ఇంట్లో నేలకింద సీసాలు దొరికాయి. వాటిలో ఉన్నది రేడియం. ఫుకుషిమాకీ దానికీ ఏ సంబంధమూ లేదు, ఎవరు ఎప్పుడు పెట్టారో గానీ ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. ఇందులో నాకు నచ్చేది రెండు సంగతులూ నిజమవ్వడం. జనం కొలవకపోతే ఆ సీసాలు ఇంకెన్నాళ్ళు ఆ నేలకింద ఉండేవో. కొలిచినవాళ్ళు కారణం ఊహించి అక్కడితో ఆగిపోయి ఉంటే, తప్పుడు ముద్దాయి మీద కేసు పెట్టినట్టయ్యేది.

రెండేళ్ళ తర్వాత కాలిఫోర్నియాలో హాఫ్ మూన్ బే బీచ్‌లో ఒకాయన మీటర్ పట్టుకుని వీడియో తీశాడు, టకటకా కొట్టుకుంటోంది. లక్షల మంది చూశారు. ఇసుక పరీక్షిస్తే తేలింది అక్కడి నల్ల ఇసుకలో సహజంగానే ఉండే థోరియం, రేడియం. ఫుకుషిమా నుంచి వచ్చేది సీజియం.

దీన్ని సరిగ్గా ఎలా చేయాలో చూపించింది వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థలోని కెన్ బ్యూసెలర్. 2014లో ఆయన మామూలు జనాన్నే అడిగాడు: మీ బీచ్‌లో ఇరవై లీటర్ల నీళ్ళు పట్టి పంపండి, పరీక్ష ఖర్చుకి చందాలు పోగు చేయండి అని. అమెరికా, కెనడా తీరాల నుంచి జనం పంపారు. 2015లో కెనడాలోని యుక్లూలెట్ రేవు నీళ్ళలో రెండు రకాల సీజియం దొరికింది. రేడియోధార్మికతకు కొలత బెకరల్. ఘనపు మీటరుకు సీజియం-134 ఒకటీ పాయింటు నాలుగు బెకరల్‌లు, సీజియం-137 ఐదూ పాయింటు ఎనిమిది. మొదటిదాని అర్ధాయువు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, రెండేళ్ళే కాబట్టి పాత కాలపుది మిగిలే అవకాశం లేదు, అది ఫుకుషిమాదే. రెండోది 1950, 60ల నాటి బాంబు పరీక్షల వల్ల పసిఫిక్‌లో ముందునుంచీ ఉంది. ఎంతుందో శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా కొలుస్తున్నారు గనక కొత్తగా కలిసిందెంతో చెప్పగలిగారు. వచ్చిందని దాచలేదు. ఆ నీళ్ళలో రోజుకు ఆరు గంటల చొప్పున ఏడాది ఈదినా ఒంటికి తగిలే రేడియేషన్ పంటి ఎక్స్‌రే ఒక్కదానిలో వెయ్యో వంతే అని కూడా చెప్పారు.

ఏ జబ్బుతో ఆస్పత్రికి వెళ్ళినా డాక్టరు ముందు అడిగేది "పాత రిపోర్టులు తెచ్చారా" అని కదా. ఒక ప్రాంతానికి కూడా అంతే.

ఇప్పుడు మన శ్రీకాకుళం జిల్లాకి వద్దాం. రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరు పెట్టాలన్నది కేంద్ర ప్రభుత్వ అణు విద్యుత్ సంస్థ ఎన్‌పీసీఐఎల్ ప్రణాళిక. ఏళ్ళ తరబడి మాటల్లోనే ఉంది, భూములిచ్చిన కుటుంబాలకు, మత్స్యకారులకు ఆ సంగతి బాగా తెలుసు. నేను ప్లాంటు కావాలా వద్దా అనే గొడవలోకి ఇప్పుడు పోవడం లేదు. దక్షిణాన భీమునిపట్నం, ఉత్తరాన కళింగపట్నం, ఇంకా పైకి భావనపాడు. ఈ తీరమంతా నల్ల ఇసుక. అందులో మోనజైట్ అనే ఖనిజం ఉంది, మోనజైట్‌లో థోరియం ఉంది. దేశంలో మోనజైట్ నిల్వలు అన్నిటికంటే ఎక్కువున్న రాష్ట్రం మనదే. అంటే ఒక్క రియాక్టర్ ఇటుక కూడా పడకముందే ఈ ఇసుకలో కొన్నిచోట్ల మీటర్ గట్టిగానే కొట్టుకుంటుంది.

పదిహేనేళ్ళ తర్వాత సంగతి ఊహించండి. ప్లాంటు నడుస్తోంది. ఒక కుర్రాడు ఆన్‌లైన్‌లో చవక మీటర్ కొని బీచ్‌కెళ్ళి వీడియో తీస్తాడు. హాఫ్ మూన్ బే కథే. వైజాగ్ దాకా టెన్షన్. అధికారులొచ్చి "అది సహజ థోరియం, భయపడకండి" అంటారు. నిజమే కావచ్చు. ఇంకో రోజు నిజంగానే ఏదో లీకవుతుంది. అప్పుడూ అదే మాట చెబుతారు, "అది సహజ థోరియం". ఏ రోజు మాట నిజమో తేల్చడానికి జనం చేతిలో ఏముంటుంది? ఏ ఐసోటోపో, అంటే అది థోరియమో సీజియమో చెప్పే ఖరీదైన పరికరాలు ప్రయోగశాలల్లో ఉంటాయి, ఆ ప్రయోగశాలలు ఎవరివి? ఫలానా వీధిలో, ఫలానా బడి ముందు, ఫలానా రేవులో ప్లాంటు రాకముందు ఇంత ఉండేదని ఏళ్ళ తరబడి రాసిపెట్టిన లెక్క ఉంటే, పెరిగిందా లేదా అన్నది మొదటిరోజే తేలుతుంది. ఆ లెక్క ఇప్పుడు మొదలుపెట్టాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం జపాన్‌వాళ్ళకి తప్పలేదు, మనకింకా టైముంది.

ప్లాంటు నడిచేలోపే పర్యావరణ సర్వే ప్రయోగశాల పెట్టి సహజ రేడియేషన్ కొలవడం మన అణుశక్తి విభాగం పద్ధతేనని మీలో తెలిసినవాళ్ళు అంటారు. ఆ పద్ధతి మంచిదే, కొలిచేవాళ్ళు సమర్థులే. కానీ అణు విషయాల్లో సమాచారం బయటికి పొక్కకుండా ఆపే అధికారాన్ని 1962 అణుశక్తి చట్టం 18వ సెక్షన్ దశాబ్దాల పాటు కేంద్రానికి ఇస్తూ వచ్చింది. ఆ నీడలో పెరిగిన వ్యవస్థ అది. ప్లాంటు నడిపేవాడి లెక్క ఒక్కటే ఉంటే, అది నూటికి నూరుపాళ్ళు నిజమైనా అవసరం వచ్చిన రోజు ఎవరూ నమ్మరు. 2018లో టెప్కో సంగతి చూడండి. ఫిల్టర్ చేసిన నీళ్ళలో ట్రిటియం (ఒక రకం రేడియోధార్మిక హైడ్రోజన్) తప్ప పెద్దగా ఏమీ లేదన్న భరోసా మీద నడిపించారు. అలా నిల్వ చేసిన 8 లక్షల 90 వేల టన్నుల నీళ్ళలో దాదాపు ఏడున్నర లక్షల టన్నులు వేరే పదార్థాల పరిమితి దాటి ఉన్నాయని ఆ ఏడాది ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు వదులుతున్న నీళ్ళు మళ్ళీ శుద్ధి చేసి కొలిచినవే. అయినా వాళ్ళ మాట మీద అనుమానం పోలేదంటే ఎవరిది తప్పు?

"జనం చేతికి మీటర్లిస్తే భయాందోళనలు పుడతాయి" అనే వాదన విని విసుగొచ్చింది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర స్టైరీన్ గ్యాస్ లీకై 12 మంది పోయారు. ఆ రాత్రి మళ్ళీ లీకవుతోందన్న కబురు పాకి జనం పిల్లాపాపలతో రోడ్ల మీదికొచ్చేశారు. వాళ్ళ చేతుల్లో మీటర్లేం లేవు. లేకపోవడమే సమస్య. తమ వీధి గాలిలో ఎంతుందో చూసుకునే దారి ఉంటే ఉండాల్సినవాళ్ళు ఉండేవాళ్ళు, పోవాల్సినవాళ్ళు ముందే పోయేవాళ్ళు. పరుగుకి కూడా ప్రాణాలు ఖర్చవుతాయి. ఫుకుషిమాలో ఫుతాబా ఆస్పత్రి నుంచి, దాని వృద్ధాశ్రమం నుంచి ముసలి రోగుల్ని హడావుడిగా తరలించడంలో 40 మందికి పైగా చనిపోయారు. వాళ్ళని చంపింది రేడియేషన్ కాదు.

కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ఇంజినీరింగ్ కాలేజీల ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్ మాస్టార్లకు నా విన్నపం. ఫైనలియర్ ప్రాజెక్టంటే ఇంకో ఆటోమేటిక్ చెత్తబుట్ట తయారుచేయించే బదులు ఈ మీటర్లు చేయించండి, డిజైన్ ఊరికే దొరుకుతుంది. భీమిలి నుంచి భావనపాడు దాకా ఏటా ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి, అవే చోట్ల, నేలకు అదే ఎత్తులో కొలవండి. పక్కపక్కనే రెండు మీటర్లు పెట్టి రెండూ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూడండి. తేడా వస్తే ఆ తేడానీ రాయండి. లెక్కంతా అందరికీ తెరిచి పెట్టండి, ఒక కాపీ పంచాయతీ ఆఫీసులో తెలుగులో ఉండాలి. కొవ్వాడ మీద ఈసారి జరిగే సభలో పరిహారం, ఉద్యోగాలతో పాటు ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగండి: మీరు ఇప్పటిదాకా కొలిచిన రీడింగులు, సగటు కాకుండా ఒక్కో చోటుది విడివిడిగా, మాకెప్పుడిస్తారు? మేం కొలుచుకుంటే మీకేమైనా అభ్యంతరమా?