ఫొటోకు ముందు వరుస, పాఠానికి వెనక బెంచీ

మార్చి 21, ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం వచ్చిందంటే, పుట్టుకతోనే ఓ క్రోమోజోము ఎక్కువై ఎదుగుదల, నేర్చుకోవడం నెమ్మదించే ఈ పిల్లలు అందరికీ గుర్తొస్తారు. వేదిక, మిఠాయిలు, శాలువాలు, ఫొటోలో ముందు వరుస. 22న మళ్లీ వెనక బెంచీ. శ్రీకాకుళం జిల్లాలో ఈ తంతు ఇకనైనా ఆగాలి.

ఒకే టీచరు నాలుగు తరగతులు చూసుకునే బడిలో ఈ పిల్లలకు విడిగా పాఠం చెప్పడం ఎలా సాధ్యమని అడుగుతారు. ఇబ్బంది నిజమే. కానీ హాజరుపట్టీలో పేరు రాసుకుని పాఠం చెప్పకపోవడానికి అది సాకు కాదు. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇచ్చిన హక్కు. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు ప్రతి 10 మందికీ ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది.

ఈ పిల్లలకు విన్నది నిలవడం కష్టం, చూసింది బాగా నిలుస్తుంది. బ్రిటన్‌లో మనస్తత్వవేత్త స్యూ బక్లీ బృందం 1980ల నుంచీ చెబుతున్నది ఇదే: చదవడం నేర్పితే మాట్లాడటమూ మెరుగుపడుతుంది. మన బళ్లలో మాత్రం అఆలు, గుణింతాలు, ఒత్తులు అయ్యేదాకా మాట చదవనివ్వరు. వీరికి ముందు మొత్తం మాట నేర్పాలి, తర్వాతే అక్షరం. అమ్మ, పాలు, బంతి అని పెద్ద అక్షరాలతో రెండేసి అట్టముక్కలు రాయాలి. మొదట జత కలపాలి. తర్వాత అడిగిన అట్ట తీసివ్వాలి. చివరికి చూసి పలకాలి. ఒక విడతకు మూడు నాలుగు మాటలు, రోజూ పది నిమిషాలు చాలు. తప్పు అట్ట మీదకు చెయ్యి పోకముందే సరైనదాని వైపు నడిపించాలి. తప్పే అలవాటైతే మార్చడం కష్టం. ప్రశ్న అడిగాక పది సెకన్లు ఆగాలి. చాలామంది మూడో సెకనుకే జవాబు తామే చెప్పేస్తారు.

మొండివాడని ముద్ర వేసిన పిల్లవాడికి చాలాసార్లు చెవే వినపడదు. కర్ణభేరి వెనక జిగురు నీరు చేరుతుంది, జలుబు చేస్తే ఇంకా పెరుగుతుంది. అలాంటి వాడిని వెనక బెంచీలో కూర్చోబెడితే పాఠం వాడిదాకా చేరనే చేరదు. థైరాయిడ్ తగ్గితే మందకొడిగా ఉంటాడు, దాన్ని బద్ధకమంటారు. కండరాల పట్టు తక్కువ కాబట్టి కాళ్లు నేలకు ఆనకపోతే రాయలేడు. పాదాల కింద ఓ చెక్కపీట, చేతిలో లావు పెన్సిలు పెడితే తేడా తెలుస్తుంది. వీటిలో కోట్ల ఖర్చు దేనికి?

మండల కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉందంటారు. మందస కొండ ఊళ్ల నుంచి కూలి మానుకుని తల్లి రోజూ బిడ్డను అక్కడికి తీసుకురాగలదా? పాఠం ఊరి బడిలోనే జరగాలి.

బళ్లు తెరిచిన మొదటి నెలలోనే చెవి, కన్ను, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ముందు బెంచీ ఇవ్వండి. అట్టముక్కలు తయారుచేయండి. ఏ బిడ్డ ఎన్ని మాటలు చదువుతున్నాడో నెలనెలా రాసిపెట్టండి. ఆ పుస్తకం చూపలేని అధికారి వచ్చే మార్చి 21న ఆ పిల్లల పక్కన నిలబడి ఫొటో దిగొద్దు.